నిరీక్షణ నేర్పిన విద్య

చాలా కాలంగా విద్వాంసుల నడుమ, స్టూడియో గదులలో కాలం గడుపుతున్న నాకు ఒక సంగతి తరచు స్ఫురిస్తూ ఉంటుంది. కచేరీలో సభను ఉర్రూతలూగించగల గాయకులందరూ శిష్యునికి పాఠం చెప్పడంలో అంతటి సమర్థులు కారు. “ఇట్లా పాడు, నాయనా” అని వారు పాడి వినిపిస్తారు. శిష్యునికి పలకకపోతే మరల పాడి వినిపిస్తారు. అతనికి ఎందుకు పలకడం లేదో మాత్రం వారికి బోధపడదు. అది తమ గొంతున పలకని రోజంటూ ఒకటి వారికి జ్ఞాపకం లేదు గనుక. సభలో అంతగా పేరు రాని మరొక విద్వాంసుడు, ఎన్నో ఏండ్లు ఒకరి వెనుక కూర్చుండి తంబురా మీటినవాడు, దానినే నాలుగు ముక్కలు చేసి, ఎక్కడ ఊపిరి నిలపవలెనో చెప్పి, ఆ శిష్యుని చేతనే గంటలో పాడిస్తాడు.

ఈ నిజానికి నిదర్శనంగా, సంగీతంతో ఏమాత్రమూ సంబంధం లేని ఒక మనిషి చరిత్రను మనవి చేయదలచినాను. ఆయన అమెరికా దేశస్థుడు. పేరు టామ్ ఫ్లోరెస్. 1960 దశాబ్దంలో వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ తరువాత శిక్షకుడు. ఆటగాడుగా ఆయనకు లభించిన కీర్తి మధ్యరకపుది. శిక్షకుడుగా లభించిన విజయాలు ఉన్నతమైనవి. ఆ రెండింటికీ నడుమ ఉన్న సంబంధమే మన ప్రసంగ విషయం.

ముందుగా ఆటను గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. మన హైదరాబాదులో ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే గుండ్రని బంతి కన్నుల ముందు నిలుస్తుంది. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆట వేరు. అక్కడి బంతి కోలగా, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును; విసరవచ్చును. పక్షానికి 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతనున్న పక్షం నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగవలెను. సాగితే మరి నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. బంతిని ఆ కొస గీత దాటించగలిగితే 6 పాయింట్లు. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆట ఒక్క నిమిషం లోపున ఆగి, ఎవరు ఎటు పరుగెత్తవలెనో, ఎవరు ఎవరిని అడ్డవలెనో నిర్ణయం జరుగుతుంది. కనుక అది కొంత మల్లయుద్ధం, కొంత చదరంగం.

ఆ చదరంగానికి నడుమ నిలిచేవాడే క్వార్టర్‌బ్యాక్. బంతి మొదట అతని చేతికి వస్తుంది. దానిని పరుగెత్తేవానికి అందించడమా, దూరాన ఉన్నవానికి విసరడమా అన్నది అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకోవలెను. ఆ క్షణాలలోనే నూరు కిలోలకు మించిన ఎదుటిపక్షపు మనుషులు అతని మీదికి ఉరుకుతూ ఉంటారు. గెలిస్తే మొదటి పొగడ్త అతనికే. ఓడితే మొదటి నింద అతనికే. ఇటువంటివాడు ఆట విరమించిన తరువాత మంచి శిక్షకుడు కాగలడని ఎవరైనా అనుకుంటారు. రథికుడుగా యుద్ధమంతా చూచినవానికి సారథ్యం ఒక లెక్కా అనిపిస్తుంది.

చరిత్ర మాత్రం అట్లా చెప్పదు. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా బార్ట్ స్టార్ 1961, 1967 సంవత్సరాల మధ్య అయిదు ఛాంపియన్‌షిప్పులు సాధించినాడు. ఆ ఆటకు పరాకాష్ఠ అయిన సూపర్ బౌల్ పోటీ 1967 జనవరిలో ప్రారంభం కాగా, మొదటి రెండింటిలోనూ అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు అతడే. అదే జట్టుకు 1975 నుండి 1983 వరకు తొమ్మిది సీజన్లు ప్రధాన శిక్షకుడుగా ఉన్నాడు. గెలిచినవి 52, ఓడినవి 76, సమానమైనవి 3. స్టార్ శ్రద్ధను గాని, సౌజన్యాన్ని గాని ఎవరూ శంకించలేదు. అయినా, తాను ఆడి చూపిన దానిని మరొకరి చేత ఆడించడం వేరే విద్య అని ఆ తొమ్మిదేండ్లు రుజువు చేసినవి.

ఆ వేరే విద్యను ఫ్లోరెస్ ఎక్కడ నేర్చినారు? ఎక్కువ భాగం ఆడుతూ కాదు. ఆడడానికి పిలుపు కోసం వేచి ఉంటూ.

ఆయన 1937 మార్చి 21న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నోలో జన్మించినారు. తండ్రి మెక్సికోలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరినవాడు. కుటుంబానికి జీవనాధారం శాన్ వాకీన్ లోయలోని తోటలలో కూలిపని. ఆ లోయ ద్రాక్షకూ పండ్లకూ ప్రసిద్ధి. ఆ పండ్లు కోసిన చేతులలో టామ్ చేతులు కూడా ఉన్నవి. సాంగర్ అనే చిన్న పట్టణంలో ఉన్నత పాఠశాల చదువు, తరువాత ఫ్రెస్నోలో జూనియర్ కళాశాల, ఆ పైన స్టాక్‌టన్ నగరంలోని కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్. అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకొని 1958లో చదువు ముగించినారు. కూలి కుటుంబంలో కళాశాల మెట్టెక్కడం ఎంత కష్టమో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

వృత్తి ఫుట్‌బాల్ ద్వారం మాత్రం వెంటనే తెరుచుకోలేదు. 1958లో కెనడా దేశపు కాల్గరీ జట్టు ఆయనను పరీక్షించి పంపివేసినది. 1959లో వాషింగ్టన్ జట్టు పరీక్షించి పంపివేసినది. భుజానికి గాయం ఒకటి తోడైనది. బంతి విసరడమే వృత్తి అయినవానికి భుజం దెబ్బ తినడమంటే వీణ వాయించేవానికి వేలు విరిగినట్లే. ఇరవై రెండేండ్ల ప్రాయంలో రెండు తిరస్కారాలు, ఒక శస్త్రచికిత్స ఆయనకు మిగిలిన ఆస్తి. వాషింగ్టన్ పేరు శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవలెను. అది ఈ కథలో మరొకసారి వస్తుంది.

1960లో అదృష్టవశాన దేశంలో కొత్త లీగ్ ఒకటి వెలసినది. పాతుకొనిపోయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు పోటీగా, టెక్సాస్‌కు చెందిన లామార్ హంట్ మొదలైన ధనికులు ఎనిమిది జట్లతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించినారు. ఎనిమిది కొత్త జట్లంటే వందల ఉద్యోగాలు. పాత లీగ్ వద్దన్నవారికి అక్కడ చోటు దొరికినది. ఆ ఎనిమిదింటిలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ జట్టు ఒకటి. దానికి పేరు పెట్టడానికి ఊరిలో పోటీ నిర్వహిస్తే మొదట నెగ్గిన పేరు ‘సెన్యోర్స్’. స్పానిష్ భాషలో అయ్యగార్లని అర్థం. నలుగురూ నవ్వేసరికి దానిని మార్చి ‘రైడర్స్’ అన్నారు. పేరు మారినది గాని, జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా నిలిచినవాడు మాత్రం స్పానిష్ మాట్లాడే మెక్సికో కూలివాని కొడుకు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్‌లో ఆ స్థానాన్ని అలంకరించిన హిస్పానిక్ సంతతివారిలో మొట్టమొదటివారు టామ్ ఫ్లోరెస్.

ఆ జట్టుకు మొదట సొంత మైదానం కూడా లేదు. ఓక్లండ్ పేరు పెట్టుకొని, అఖాతం అవతల శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడేవారు. 1960లో విసిరిన బంతులలో అధిక శాతం తమవారికి చేర్చిన క్వార్టర్‌బ్యాక్‌గా ఫ్లోరెస్ లీగ్‌లో ప్రథమ స్థానం పొందినారు. జట్టు గెలిచినది 6, ఓడినది 8. మరుసటి ఏడు గెలిచినవి రెండే. 1962లో ఊపిరితిత్తుల వ్యాధి సోకి ఫ్లోరెస్ సీజనంతా ఆటకు దూరమైనారు. ఆయన లేని జట్టు 14 ఆటలలో 13 ఓడినది. మంచాన పడిన ఆటగానికి తన జట్టు ఓటముల వార్త పత్రికలో చదవడంకంటె మించిన శిక్ష ఏమున్నది?

1963లో ఆరోగ్యంతో పాటు జట్టుకు అదృష్టం కూడా తిరిగి వచ్చినది. ఆ యేడు ఆల్ డేవిస్ అనే యువకుడు శిక్షకుడుగా వచ్చి, 10 ఆటలు గెలిపించినాడు. డిసెంబర్ 22న హ్యూస్టన్ జట్టుపై ఓక్లండ్ 52–49 పాయింట్లతో నెగ్గిన ఆటలో ఫ్లోరెస్ విసిరిన బంతులు ఆరుసార్లు గీత దాటినవి. అది ఆయన ఆటగాని జీవితంలో శిఖరం. శిఖరం మీద ఎంతోసేపు నిలువలేదు. 1967లో ఆయనను బఫలో జట్టుకు ఇచ్చి, బదులుగా డారిల్ లమోనికా అనే మరొక క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకొన్నారు. బఫలోలో గాయాలు, బెంచి. 1969లో అక్కడ నుండి కూడా సెలవు. చివరకు కాన్సాస్ సిటీ జట్టులో లెన్ డాసన్ అనే ప్రసిద్ధుని వెనుక అవసరానికి ఉంచిన మనిషిగా చేరినారు. 1970 జనవరి 11న ఆ జట్టు మిన్నెసోటాను 23–7 తేడాతో ఓడించి సూపర్ బౌల్ గెలిచినది. ఆట నడిపినది డాసన్. ఫ్లోరెస్ విజేతల జట్టులో సభ్యుడు.

బెంచి మీద కూర్చున్నవాడు ఏమి చేస్తాడు? ఇక్కడే కథలోని మర్మమున్నది. అతడు ఆటను ఆడడు, చూస్తాడు. మైదానంలో ఉన్నవానికి తన ముందున్న మనిషి మాత్రమే కనిపిస్తాడు. బయట ఉన్నవానికి ఇరవై ఇద్దరూ కనిపిస్తారు. అంతకంటె ముఖ్యం, తన పక్కన కూర్చున్నవారి ముఖాలు కనిపిస్తాయి. పిలుపు రాక కుంగిపోతున్నవాడెవడు, కోపంతో ఉడుకుతున్నవాడెవడు, రేపు పిలిస్తే లేచి నిలువగలవాడెవడు అనేది అక్కడ కూర్చున్నవానికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. ఫ్లోరెస్ రెండు దేశాలలో, అయిదు జట్లలో ఈ పాఠం చదివినారు.

1971లో బఫలోలో సహాయ శిక్షకుడుగా ప్రారంభించి, 1972లో తిరిగి ఓక్లండ్ చేరినారు. అప్పటికి ఆల్ డేవిస్ జట్టు యాజమాన్యంలో ప్రధానుడు. జాన్ మాడెన్ ప్రధాన శిక్షకుడు. ఫ్లోరెస్‌కు అప్పగించినది బంతి అందుకొనేవారి శిక్షణ. ఒకప్పుడు బంతి విసిరినవాడు ఇప్పుడు దానిని పట్టుకోవడం నేర్పవలెను. ఆయన శిక్షణలో ఉన్న ఫ్రెడ్ బిలెట్నికాఫ్ 1977 జనవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు. ఆ రోజు ఓక్లండ్ 32–14 తో మిన్నెసోటాపై నెగ్గినది. ఆ విధంగా ఆటగాడుగా ఒకటి, సహాయ శిక్షకుడుగా ఒకటి, రెండు విజయాలలో ఫ్లోరెస్‌కు భాగం లభించినది.

మాడెన్ పదేండ్లలో 103 ఆటలు గెలిచి, 1979 ఆరంభంలో విరమించినాడు. అతడు గర్జించే మనిషి. చేతులూపుతూ గీత పక్కన పరుగులు తీసేవాడు. ఆ స్థానంలోకి వచ్చిన ఫ్లోరెస్ కదలక మెదలక నిలిచేవారు. జట్టు గెలుస్తున్నదో ఓడుతున్నదో ఆయన ముఖం చూచి చెప్పడం కష్టమని పేరు. మంచు మనిషి అని బిరుదు కూడా ఇచ్చినారు. మొదటి ఏడు 9 గెలుపులు, 7 ఓటములు. పాత వైభవం పోయినదని జనం సణిగినారు.

1980లో పరిస్థితి మరింత చిక్కుపడినది. జట్టును లాస్ ఏంజెలెస్‌కు తరలించవలెనని డేవిస్ పట్టుబట్టి లీగ్‌తో వ్యాజ్యానికి దిగినాడు. ఓక్లండ్ ప్రజలు ఆగ్రహించినారు. అభిమానుల ఆరాధ్యుడైన క్వార్టర్‌బ్యాక్ కెన్ స్టేబ్లర్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చి, బదులు డాన్ పాస్టోరీనిని తెచ్చినారు. అక్టోబర్ 5న, అయిదవ ఆటలో, పాస్టోరీని కాలు విరిగినది. అప్పుడు బెంచి మీద నుండి లేచినవాడు జిమ్ ప్లంకెట్.

ఈ ప్లంకెట్ ఎవరో చెప్పవలెను. అతడు కూడా మెక్సికో మూలాలు గల కుటుంబంలో పుట్టినవాడు. తల్లిదండ్రులిద్దరూ చూపులేనివారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆడుతూ 1970లో, కళాశాల ఆటగాళ్లకు ఇచ్చే అత్యున్నత పురస్కారమైన హైస్మన్ ట్రోఫీ సంపాదించినాడు. 1971లో దేశంలోని ఆటగాళ్లందరిలో మొదటివాడుగా అతనిని న్యూ ఇంగ్లాండ్ జట్టు ఎన్నుకొన్నది. అక్కడ దెబ్బలు తిన్నాడు, నమ్మకం పోగొట్టుకొన్నాడు. తరువాత శాన్ ఫ్రాన్సిస్కో జట్టులో చేరి అక్కడా నిలువలేక 1978లో ఉద్వాసన పొందినాడు. ఓక్లండ్ చేరదీసినది గాని, ఆ యేడు అతడు ఒక్క బంతి కూడా విసరలేదు. 1979లో విసిరినవి 15. ముప్పై రెండేండ్ల వయస్సులో, దేశమంతా మరచిపోయిన ప్రతిభావంతుడుగా బెంచి మీద మిగిలిపోయినాడు.

అక్టోబర్ 5న అతడు మైదానంలో దిగి ఏమి చేసినాడు? విసిరిన బంతులలో అయిదింటిని ఎదుటిపక్షం పట్టుకొన్నది. ఓక్లండ్ 31–17 తో ఓడినది. రెండు గెలుపులు, మూడు ఓటములు. ఆ వారం మరొక శిక్షకుడైతే ఏమి చేసి ఉండును? ఆ సంవత్సరమే జట్టు మొదటి ఎన్నికలో తెచ్చుకొన్న యువకుడు మార్క్ విల్సన్ సిద్ధంగా ఉన్నాడు. అతనిని దింపితే ఎవరూ తప్పు పట్టరు. భవిష్యత్తు కోసం పునాది వేస్తున్నామని చెప్పుకోవచ్చును కూడా.

ఫ్లోరెస్ ప్లంకెట్‌నే నిలిపినారు. ఆ నిర్ణయంలో దయ లేదని కాదు గాని, అది దయ మాత్రమే కాదు. రెండేండ్లు ఆటకు దూరమైనవాడు హఠాత్తుగా దిగితే అతని కన్ను, చేయి కలియడానికి కొంత సమయం పడుతుందని, మొదటి రోజు తప్పులు విద్య లోపానికి గాక అలవాటు తప్పినందుకు గుర్తులని, అదే బెంచి మీద కూర్చుండి లేచిన మనిషికి తెలుసును. తప్పులను లెక్క పెట్టేవాడు అయిదు అంటాడు. తప్పుల జాతి తెలిసినవాడు వేచి చూద్దామంటాడు.

మరుసటి వారం ఓక్లండ్ శాన్ డియేగో జట్టును 38–24 తో ఓడించినది. మిగిలిన 11 ఆటలలో 9 గెలిచి, మొత్తం 11 గెలుపులు, 5 ఓటములతో తరువాతి అంచెకు అర్హత పొందినది. విభాగంలో ప్రథమ స్థానం రాలేదు గనుక వెనుక ద్వారం గుండా ప్రవేశం. హ్యూస్టన్‌పై 27–7. 1981 జనవరి 4న నీరు గడ్డకట్టే చలిలో క్లీవ్‌లండ్‌పై 14–12. ఆ ఆట చివరి నిమిషంలో క్లీవ్‌లండ్ బంతిని గీత సమీపానికి తెచ్చినది. వారి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని మైక్ డేవిస్ అనే ఓక్లండ్ ఆటగాడు గీత లోపల అందుకొన్నాడు. లేనిచో ఈ చరిత్ర అక్కడే ముగిసి ఉండేది. తరువాత శాన్ డియేగోపై 34–27.

జనవరి 25న న్యూ ఆర్లియన్స్ నగరంలో ఫిలడెల్ఫియాతో సూపర్ బౌల్. అయిదు రోజుల క్రితమే ఇరాన్‌లో నిర్బంధంలో ఉన్న అమెరికన్లు విడుదలైనారు. ఆ ఆనందానికి సూచకంగా క్రీడాభవనం గోడకు పెద్ద పసుపు రిబ్బను కట్టినారు. ప్లంకెట్ 21 బంతులు విసిరి 13 చేర్చినాడు. 261 గజాలు, మూడు టచ్‌డౌన్లు. వానిలో ఒకటి, ఎదుటివారు తరుముతూ ఉండగా పక్కకు జరిగి కెన్నీ కింగ్‌కు అందించినది, 80 గజాలు సాగి గీత దాటినది. 27–10 తో ఓక్లండ్ విజయం. ప్లంకెట్ ఆనాటి అత్యుత్తమ ఆటగాడు. వెనుక ద్వారం గుండా వచ్చి సూపర్ బౌల్ గెలిచిన మొట్టమొదటి జట్టు అది.

ఆటగాడుగా, సహాయ శిక్షకుడుగా, ప్రధాన శిక్షకుడుగా సూపర్ బౌల్ విజయం పొందిన మొదటి మనిషి టామ్ ఫ్లోరెస్ అయినారు. అల్పసంఖ్యాక వర్గానికి చెందిన ప్రధాన శిక్షకుడు ఆ విజయం సాధించడం కూడా అదే మొదలు. నల్లజాతికి చెందిన శిక్షకుడు టోనీ డంజీ ఆ మెట్టు ఎక్కడానికి 2007 ఫిబ్రవరి దాకా, అంటే మరి 26 సంవత్సరాలు పట్టినదంటే, 1981 నాటి ఘట్టం ఎంత గొప్పదో ఊహించవచ్చును. ఆ రోజులలో మాత్రం దానిని ఘనంగా చెప్పుకొన్నవారు తక్కువ. ఫ్లోరెస్ చాటుకొనే మనిషి కారు.

1982లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయినది. 1983 సీజను నడుమ ప్లంకెట్ ఆట తగ్గినప్పుడు ఫ్లోరెస్ అతనిని కూర్చుండబెట్టి విల్సన్‌ను దింపినారు. మూడు ఆటల తరువాత విల్సన్ భుజానికి గాయమైనది. ప్లంకెట్ మరల లేచినాడు. ఇది గమనింపదగిన విషయం. నిరీక్షణ అంటే ఒక మనిషిని పట్టుకొని వేలాడడం కాదు. కూర్చుండబెట్టినప్పుడు కూడా అతడు తిరిగి లేవగలిగేటట్లు కూర్చుండబెట్టడం. అవమానించి పంపినవాడు పిలిచినప్పుడు రాడు. వచ్చినా మనసు రాదు.

ఆ యేడు 12 గెలుపులు, 4 ఓటములు. ఆ ఓటములలో ఒకటి అక్టోబర్ 2న వాషింగ్టన్ చేతిలో 37–35. అదే వాషింగ్టన్‌తో 1984 జనవరి 22న టాంపా నగరంలో సూపర్ బౌల్. పాతికేండ్ల క్రితం ఫ్లోరెస్‌ను పరీక్షించి పంపివేసిన జట్టు అది. మొదటి సగం ముగియడానికి 12 సెకండ్లున్నప్పుడు వాషింగ్టన్ తన గీతకు చేరువలోనే, 12 గజాల దూరంలో చిక్కుకొని ఉన్నది. అక్టోబర్ ఆటలో అదే విధమైన స్థితిలో వారు చిన్న విసురుతో 67 గజాలు సాధించినారు. ఆ సంగతి సహాయ శిక్షకుడు చార్లీ సమ్నర్ మరువలేదు. ఆ విసురును కాచుకొని ఉండమని జాక్ స్క్విరెక్ అనే ఆటగానిని అప్పటికప్పుడు లోపలికి పంపినాడు. అనుకొన్న విసురే వచ్చినది. స్క్విరెక్ బంతిని అందుకొని అయిదు గజాలు పరుగెత్తి గీత దాటినాడు. రెండవ సగంలో మార్కస్ అల్లెన్ ఒక్క పరుగులో 74 గజాలు సాగినాడు. ఆనాడు మొత్తం 191 గజాలు. చివరి లెక్క 38–9.

ఇందులో కూడా ఫ్లోరెస్ పద్ధతి కనిపిస్తుంది. ఆ ఎత్తు ఆయనది కాదు, ఆయన కింది శిక్షకునిది. తాను ఎనిమిదేండ్లు సహాయకుడుగా పని చేసిన మనిషి కనుక సహాయకుని మాటకు విలువ ఇవ్వడం ఆయనకు సహజం. ఆయన కింద ఆడి, 1983 నుండి శిక్షక వర్గంలో చేరిన ఆర్ట్ షెల్ 1989లో అదే జట్టుకు ప్రధాన శిక్షకుడైనాడు. ఆధునిక కాలంలో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతీయుడు అతడు.

విజయాల వలెనే అపజయాలను కూడా చెప్పడం చరిత్రకారుని ధర్మం. 1985 తరువాత రైడర్స్ ప్రాభవం తగ్గినది. 1987లో 5 గెలుపులు, 10 ఓటములతో ఫ్లోరెస్ విరమించినారు. రైడర్స్ ప్రధాన శిక్షకుడుగా తొమ్మిది సీజన్లలో మొత్తం 83 గెలుపులు, 53 ఓటములు. తరువాత సియాటల్ జట్టు పరిపాలనలో చేరి, 1992 నుండి మూడేండ్లు శిక్షకత్వం కూడా వహించినారు. మొదటి యేడు జట్టు 14 ఓడి 2 మాత్రమే గెలిచినది. సీజను మొత్తంలో సాధించినవి 140 పాయింట్లు. పదహారు ఆటల సీజనులో అంతకు తక్కువ మరెవరికీ లేదు. క్వార్టర్‌బ్యాక్‌లు ఒకరి వెంట ఒకరు గాయపడినారు. మూడేండ్లలో 14 గెలుపులు, 34 ఓటములు. ఓక్లండ్‌లో ఉన్న ఓర్పే సియాటల్‌లోనూ ఉన్నది. కాని వేచి చూడడానికి బెంచి మీద ఒక ప్లంకెట్ ఉండవలెను గదా! విత్తనం లేని మడిలో ఎంత కాలం నీరు కట్టినా పైరు రాదు. సారథి ఎంతటివాడైనా గుర్రాలు లేని రథాన్ని లాగలేడు.

ఈ అపజయం ఆయనకు చేసిన కీడు చాలా కాలం నిలిచినది. ఓహయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో వృత్తి ఫుట్‌బాల్ మహనీయుల స్మారక మందిరం ఒకటి ఉన్నది. అందులో చోటు దొరకడం ఆ ఆటకు సంబంధించినవారికి పరమ గౌరవం. రెండు సూపర్ బౌల్ విజయాల శిక్షకునికి ఆ పిలుపు ఏండ్లు గడచినా రాలేదు. మొత్తం లెక్కలో 97 గెలుపులు, 87 ఓటములు ఉండడం చూచి కొందరు పెదవి విరిచినారు. జట్టును నడిపినది నిజానికి ఆల్ డేవిస్ అని మరికొందరన్నారు. డేవిస్ అదే జట్టును అంతకు ముందూ తరువాతా నడిపినాడు. కాని ఓక్లండ్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ ప్లంకెట్ వెనుక నిలిచి రెండుసార్లు గెలిచినప్పుడు గీత పక్కన ఉన్నవారు ఫ్లోరెస్.

ఆ నిరీక్షణ కాలంలో ఆయన ఏమి చేసినారన్నది మా వృత్తివారికి ప్రత్యేకంగా ప్రీతికరమైన సంగతి. రైడర్స్ జట్టు తిరిగి ఓక్లండ్ చేరిన తరువాత, 1997 నుండి ఇరవై ఏండ్లపాటు ఆయన రేడియో మైకు ముందు కూర్చుండి ఆటను శ్రోతలకు వివరించినారు. ఆటను వర్ణించేవారు గ్రెగ్ పాపా. అది ఎందుకట్లా జరిగినదో చెప్పేవారు ఫ్లోరెస్. మైకు ముందు ఈ రెండవ పని ఎంత కష్టమో మాకు తెలుసును. వినేవారికి మైదానం కనిపించదు. జరిగినదానిని గట్టిగా చెప్పడం తేలిక; జరిగినదానికి కారణం నాలుగు మాటలలో, మరుసటి ప్రయత్నం మొదలయ్యే లోపల చెప్పడం కష్టం. ఏండ్ల తరబడి గీత బయట కూర్చుండి చూచిన కన్ను ఆ పనికి కూడా పనికి వచ్చినది.

2021లో కాంటన్ పిలుపు అందినది. ఆ ఆగస్టులో మందిర ప్రవేశం జరిగేనాటికి ఆయనకు 84 ఏండ్లు. ప్లంకెట్‌కు మాత్రం అప్పటికి ఆ పిలుపు రాలేదు. సాంగర్‌లో ఆయన చదివిన ఉన్నత పాఠశాల క్రీడాప్రాంగణానికి ఊరివారు ఆయన పేరు పెట్టుకొన్నారు. ఆ లోయలో పండ్లు కోసే కుటుంబాల పిల్లలు ఈనాడు ఆ ద్వారం గుండా ఆటకు పోతున్నారు.

మన ఇండ్లలోను, బడులలోను, కార్యాలయాలలోను బెంచి మీద కూర్చున్నవారు ఉన్నారు. ఒకసారి పరీక్ష తప్పిన పిల్లవాడు, మొదటి రోజు అయిదు తప్పులు చేసిన కొత్త గుమాస్తా, పాట పలకని శిష్యుడు. వారి తప్పులను లెక్క పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తప్పులు ఏ జాతివో గుర్తించి, ఇంకొక వారం చూద్దాము అని చెప్పగలవారు కావలెను. 1980 అక్టోబర్‌లో ఆ మాట అన్న మనిషి, ఒకప్పుడు ఆ మాట తన కోసం ఎవరైనా అంటారేమో అని కాల్గరీలోను, వాషింగ్టన్‌లోను ఎదురు చూచినవాడు.